తలుపు తట్టేవాడికి హెబ్రీ 6 చదివి వెనక్కి పంపకండి
పాస్టర్లకు, బైబిలు బోధకులకు, సంఘ పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యగార్లకు, అమ్మగార్లకు ప్రభువు నామంలో వందనములు.

ఎండనక వాననక ఊళ్లు తిరిగి సేవ చేస్తున్న మీ ప్రయాస మాకు తెలుసు. అందుకే నేరుగా విషయానికి వస్తున్నాం.

"నిజంగా రక్షణ పొందినవాడు విశ్వాసం నుంచి తప్పిపోగలడా?" అన్న ప్రశ్నను ఉజ్జీవ కూటాల్లో ఎలా వాడుతున్నారో, దానివల్ల మామూలు విశ్వాసులు ఏమవుతున్నారో వివరిస్తూ మా ప్రాంత పాస్టర్ల ఫెలోషిప్‌కు రెండుసార్లు రాతపూర్వకంగా విన్నవించుకున్నాం. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి "ప్రార్థనలో పెట్టాం" అన్నారు. పెట్టి చాలాకాలమైంది. ఇక అందరి ముందూ చెప్పక తప్పడం లేదు.

మేం సండే స్కూలు టీచర్లం, సంఘ పెద్దలం, బైబిలు స్కూళ్లలో పాఠాలు చెప్పినవాళ్లం. రక్షణ పోగొట్టుకోవచ్చు అనేవాళ్లూ, పోదు అనేవాళ్లూ మాలో ఉన్నారు. ఆ తగవు తీర్చమని మిమ్మల్ని అడగడం లేదు. అది ఈనాటి తగవు కాదు. 1610లో హాలెండులో, దేవుడు ఎన్నుకున్నవాడి రక్షణ పోదన్న సంస్కర్త కాల్విన్ బోధను ప్రశ్నించినవాళ్లు ఐదు అంశాలు రాసుకున్నారు. ఐదోదైన ఈ ప్రశ్న దగ్గరికొచ్చేసరికి వాళ్లే ఆగి, లేఖనాల్లో ఇంకా పరిశీలించాలి అని రాసి వదిలారు. 1618–19లో కాల్విన్ పక్షంవాళ్ల డోర్ట్ సభ దేవుడు తనవారిని చివరిదాకా నిలుపుతాడని తీర్మానించింది. అయితే ఆ తీర్మానమే దావీదునూ పేతురునూ చూపించి, నిజ విశ్వాసి కూడా ఘోరంగా పడిపోగలడని ఒప్పుకుంది. పోదు అనేవాళ్లలో అందరికంటే గట్టివాళ్ల మాట ఇది. అంతకుముందే 1547లో కాథలిక్కుల ట్రెంట్ సభ, నీతిమంతుడైనవాడు కృపను పోగొట్టుకోగలడని తేల్చింది. మెథడిస్టు ఉద్యమానికి మూలమైన వెస్లీ కూడా పోగొట్టుకోవచ్చు అన్నవాడే.

లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం, 12వ అధికరణ మాకు అన్నిటికంటే నచ్చింది. ఒకసారి నీతిమంతుడైనవాడు పరిశుద్ధాత్మను పోగొట్టుకోలేడనేవాళ్లను అది ఖండిస్తుంది. బాప్తిస్మం తర్వాత పడిపోయి పశ్చాత్తాపపడినవాణ్ణి చేర్చుకోనివాళ్లనూ అదే అధికరణలో, అదే ఊపులో ఖండిస్తుంది. మన వేదికల మీద మొదటి సగం వినపడుతుంది. రెండో సగాన్ని ఎత్తేవాళ్లేరీ?

ఈ ధోరణులన్నీ మన గడ్డ మీదికి వచ్చాయి. 1836లో నరసాపురం వైపు గోదావరి డెల్టాకు బ్రదరెన్ వాళ్లు, 1842లో గుంటూరుకు లూథరన్ మిషనరీ హేయర్, నెల్లూరు, ఒంగోలుకు బాప్టిస్టులు, మెదక్‌కు వెస్లియన్లు, ఆ తర్వాత పెంతెకొస్తు సంఘాలు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు కాల్విన్ వారసులూ వెస్లీ వారసులూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఇవాళ ఒకే ఇంట్లో అత్తగారి సంఘంలో ఒక బోధ, కోడలి పుట్టింటి సంఘంలో ఇంకో బోధ. ఇంటిల్లిపాదీ కలిసి అన్నం తింటూనే ఉన్నారు. కాబట్టి రెండు బోధలున్నాయని ఎవరూ చావడం లేదు. ప్రాణం మీదికి తెస్తున్నది వాటిని మనుషుల మీద ప్రయోగించే తీరు.

ముందు వాక్యం దగ్గరికే వద్దాం. హెబ్రీ 6:4–6 తెలుగు బైబిల్లో "ఒకసారి వెలిగింపబడి" అని మొదలై "తప్పిపోయినవారు" మీదుగా "అట్టివారిని మరల నూతనపరచుట అసాధ్యము" దగ్గర ఆగుతుంది. ఇంగ్లీషు స్టడీ బైబిళ్లు చూసి చెప్పే కొందరు "ఒకవేళ తప్పిపోతే అని ఊహకు అన్నాడు, నిజంగా జరిగేది కాదు" అంటారు. పాత ఇంగ్లీషు అనువాదంలో ఆ "ఒకవేళ" ఉన్నమాట నిజమే. గ్రీకులో లేదు, మన తెలుగులోనూ లేదు. కాబట్టి పోదు అనే పక్షంవాళ్లు అంత తేలిగ్గా ఈ వచనాన్ని దాటిపోలేరు.

పోతుంది అనే పక్షం కూడా కింది వరుసను దాటకూడదు. ఎందుకు అసాధ్యమో వచనమే చెప్పింది: "మరల సిలువవేయుచు, బాహాటముగా ఆయనను అవమానపరచుచున్నారు గనుక". "వేయుచు", "పరచుచున్నారు" అన్నవి జరుగుతూ ఉన్న పనులు. ఆ పని మానేసి ఏడుస్తూ గుమ్మం దగ్గర నిలబడ్డవాడి సంగతి ఈ వచనం ఎత్తలేదు. మేం దీన్ని ఇలాగే చదువుతున్నాం. కాదనే పండితులుంటే వాదించుకుందాం.

సర్వనామాలు కూడా చూడండి. 4 నుంచి 6 వరకు తప్పిపోయినవాళ్ల గురించి చెప్పినదంతా "అట్టివారు" అనే. 9వ వచనానికి వచ్చేసరికి "ప్రియులారా" అని పిలిచి, "మీరింతకంటె మంచిదియు రక్షణకరమైనదియునైన స్థితిలోనే యున్నారని రూఢిగా నమ్ముచున్నాము" అంటాడు. ఆస్తులు పోగొట్టుకుని, నిందలు పడి, వెనక్కి వెళ్లిపోదామా అనుకుంటున్నవాళ్లకు రాసిన ఉత్తరమది. లోపల ఉన్నవాణ్ణి బయటికి పోనీయకుండా పట్టుకోవడానికి రాశాడు. మైకు చేతికొచ్చేసరికి "వారు" కాస్తా "నువ్వు" అవుతోంది, "మీరు" కనబడకుండా పోతోంది.

1 యోహాను 2:19 పరిస్థితీ ఇంతే. "వారు మన సంబంధులు కారు" అన్నది క్రీస్తును కాదని బయటికెళ్లి, తప్పుడు బోధ చేస్తున్న ఫలానా గుంపు గురించి. ఆర్నెల్లుగా ఆరాధనకు రాని ఆటో డ్రైవరు గురించి యోహాను ఏమీ అనలేదు.

అసలు మాట ఒక్కటే. "వాడికి మొదట్నుంచీ రక్షణ లేదు" అని ఒకరు, "ఉండేది, పోగొట్టుకున్నాడు" అని ఇంకొకరు. రెండిట్లో ఏది నిజమో ఆ మనిషి ముఖం చూసి చెప్పగలవాడు భూమి మీద లేడు. చెప్పగలిగినా చేయాల్సిన పని మారదు. వెళ్లాలి, పిలవాలి, వస్తే చేర్చుకోవాలి. పేతురు తనను ఎరుగనని బొంకబోతున్నాడని ముందే తెలిసిన ప్రభువు "నీ మనసు తిరిగిన తరువాత" అంటూ తర్వాత చేయాల్సిన పని కూడా అప్పగించాడు.

ఇప్పుడు జరుగుతున్నవీ, మేం అడుగుతున్నవీ.

1. సగం వచనాలు ఆపండి. హెబ్రీ 6:4 ఎత్తితే 12వ వచనం దాకా చదవండి. చదవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. యోహాను 10:28లో "ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు" అని ధైర్యం చెప్పేటప్పుడు, పైనున్న 27వ వచనంలో "అవి నన్ను వెంబడించును" అన్నది కూడా చెప్పండి. ఒకటి మింగేస్తే భయం, రెండోది మింగేస్తే నిర్లక్ష్యం. పేరు చెప్పకుండా "ఈ ఊళ్లోనే, మొన్నటిదాకా పాటలు పాడిన ఒక చెల్లి..." అని వేదిక మీద ఆనవాళ్లిచ్చే అలవాటు కూడా మానాలి. ఊళ్లో ఆ చెల్లి ఎవరో తెలియనివాళ్లుండరు. పెళ్లి కావలసిన పిల్ల అయితే ఆ ఒక్క మాటతో సంబంధాలు ఆగిపోతాయి.

2. సంఘం మారడాన్ని విశ్వాసం నుంచి తప్పిపోవడంగా ప్రకటించకండి. హెబ్రీ 10:25లో "సమాజముగా కూడుట మానక" అంటే మీ షెడ్డులోనే కూడాలని కాదు. విశ్వాస భ్రష్టత్వం అంటే ఏమిటో అదే అధ్యాయం 29వ వచనం చెబుతుంది: దేవుని కుమారుణ్ణి పాదాలతో తొక్కడం, నిబంధన రక్తాన్ని అపవిత్రంగా ఎంచడం, ఆత్మను తిరస్కరించడం. దశమభాగం పక్క వీధి సంఘంలో ఇవ్వడం ఈ జాబితాలో లేదు.

3. చేతులెత్తించి లెక్క రాసుకోవడం ఆపండి. కూటాల ఆఖరి రాత్రి పాట సాగుతుండగా చెయ్యెత్తినవాడికి "నీకు రక్షణ వచ్చేసింది, ఇక పోదు" అని చెప్పి, చీటీ మీద పేరు రాయించుకుని, మర్నాడు టెంటు పీకేస్తున్నారు. ఆ చీటీ పట్టుకుని వారం వారం చూసే నాథుడుండడు. ఒంగోలు చరిత్ర మనకు తెలియంది కాదు. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, కరువు సాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చేవాడెవడో, ప్రభువు కోసం వచ్చేవాడెవడో తేలాలని. సాయం ముగిశాక, 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ అంకెను గొప్పగా చెప్పుకుంటాం. దాని వెనక నెలల తరబడి ఆగిన ఓపికను మాత్రం చెప్పుకోం.

ఆ తొందర మూల్యం ఎక్కువగా ఆడవాళ్లు కడుతున్నారు. తాగొచ్చి భార్యను కొట్టేవాడు "నాకు రక్షణ ఉంది, నువ్వు లోబడి ఉండు" అంటున్నాడు. పెద్దలు వెళ్లి "ప్రార్థన చెయ్యమ్మా, పడిపోయాడు, లేస్తాడు" అని వచ్చేస్తున్నారు. పడిపోయినవాడు లేవాలంటే ముందు తాను పడ్డానని ఒప్పుకోవాలి. అప్పటిదాకా అతనికి ప్రభు బల్ల దగ్గర, రొట్టె ద్రాక్షారసం పుచ్చుకునే చోట, స్థానం లేదని చెప్పండి. ఆమెకు మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఇవ్వండి, పుట్టింటికి చేర్చండి. ఆమె ఇల్లు వదిలితే దాన్ని విశ్వాసం వదలడంగా లెక్కగట్టకండి.

4. తిరిగి వచ్చే దారిని కాగితం మీద పెట్టండి. మా అసలు డిమాండు ఇదే.

250లో రోము చక్రవర్తి డెసియస్ అందరూ దేవతలకు బలి అర్పించి, అర్పించినట్టు పత్రం తీసుకోవాలని ఆజ్ఞాపించాడు. ఆ పత్రాలు ఈజిప్టు ఇసుకలో నలభైకి పైగా దొరికాయి. ఎప్పుడూ బలులు అర్పించేవాణ్ణే, ఇప్పుడు మీ ఎదుట అర్పించాను, నైవేద్యం రుచి చూశాను, ధ్రువీకరించండి అని అధికారులకు పెట్టుకున్న అర్జీలు. చాలామంది క్రైస్తవులు లొంగిపోయారు. హింస ఆగాక వాళ్లంతా గుమ్మం దగ్గరికి వచ్చారు. చేర్చుకోం అని రోము సంఘంలోని నొవేషియన్ అనే బోధకుడు వేరుపడ్డాడు. కార్తేజి బిషప్పు సిప్రియన్ అందరినీ ఒకే గాటన కట్టలేదు. బలి అర్పించినవాడు వేరు, లంచమిచ్చి పత్రం మాత్రం సంపాదించినవాడు వేరు అని విడదీసి, ఎవరి తీరుకు తగ్గ పశ్చాత్తాప కాలం వారికి పెట్టాడు.

325లో బిషప్పులు కూడిన నైసియా సభ 11వ నియమంలో, బలవంతం లేకుండానే లొంగినవాళ్లకు కూడా లెక్క కట్టింది. మూడేళ్లు వినేవారిగా, ఏడేళ్లు సాగిలపడేవారిగా, రెండేళ్లు బల్ల తీసుకోకుండా ప్రార్థనలో పాలివారిగా. మొత్తం పన్నెండేళ్లు. కఠినమే. అయినా అంతు ఉంది. మనసు మారిందని గుర్తులు కనబడితే తగ్గించే అధికారం 12వ నియమం బిషప్పుకు ఇచ్చింది. మన సంఘాల్లో పన్నెండేళ్లు అని కూడా ఎవరూ చెప్పరు. "కొన్నాళ్లు చూద్దాం" అంటారు, ఆ కొన్నాళ్లకు తేదీ ఉండదు. మనిషి రెండు మూడు ఆదివారాలు చివరి వరుసలో కూర్చుంటాడు, రొట్టె పళ్లెం తన్ను దాటిపోతుంటే తల దించుకుంటాడు, నాలుగో వారం రాడు. అప్పుడు "చూశారా, మన సంబంధి కాడు" అంటాం.

కాబట్టి ప్రతి సంఘమూ ఈ క్రమం రాసి పెట్టుకోవాలి:

తిరిగి రావాలనుకునే వ్యక్తిని మొదట ఇద్దరు పెద్దలు ఏకాంతంగా కలవాలి. వచ్చింది స్త్రీ అయితే ఇద్దరిలో ఒకరైనా స్త్రీ ఉండాలి. ఏం జరిగిందో ఒక్కసారే వినాలి, వచ్చిన పెద్ద వచ్చినట్టల్లా మళ్లీ మొదట్నుంచీ చెప్పించకూడదు. విన్నది మూడు రకాల్లో దేని కిందికి వస్తుందో తేల్చుకోవాలి: పాపంలో పడటమా, చల్లబడి మానేయడమా, క్రీస్తునే కాదనడమా. రెండో రకానికి శిక్ష అక్కర్లేదు, తోడు కావాలి. మొదటి రకానికి గడువు పెడితే తేదీతో సహా చెప్పాలి, ఏ ఆదివారం నుంచి బల్ల తీసుకోవచ్చో ఆ రోజే చెప్పాలి. మూడో రకానికి విశ్వాస ప్రమాణం మళ్లీ పలికించి, బోధకు ఒకరిని అప్పగించాలి. సంఘమంతటి ముందు పాపాన్ని పూసగుచ్చినట్టు చెప్పించే పద్ధతి వద్దు. "సహోదరుడు తిరిగి వచ్చాడు" అన్న ప్రకటన చాలు. కానుక, జరిమానా, "కృతజ్ఞత అర్పణ" పేర్లతో ఒక్క రూపాయి తీసుకోకూడదు. మళ్లీ బాప్తిస్మం ఇవ్వకూడదు. పేతురుకు ఎవరూ మళ్లీ ఇవ్వలేదు, నైసియా కూడా అడగలేదు. (చిన్ననాటి బాప్తిస్మం చెల్లుతుందా అన్నది వేరే తగవు. దాన్ని ఇందులో కలపకండి.)

గలతీ 6:1లో "మంచి దారికి తీసికొని రావలెను" అన్నచోట పౌలు వాడిన గ్రీకు క్రియ, మత్తయి 4:21లో జెబెదయి కొడుకులు వలలు బాగుచేసుకుంటున్నప్పుడు వాడిందే. వల చిరిగితే బెస్తవాడు గట్టు మీద కూర్చుని కన్ను కన్నూ అల్లుతాడు. చిరిగిందని సముద్రంలో పారేసి రాడు. కొరింథులో శిక్ష పడినవాడి గురించి కూడా పౌలు, ఇక చాలు, క్షమించండి, లేకపోతే "అత్యధికమైన దుఃఖములో మునిగిపోవును" అన్నాడు. శిక్ష ఎక్కువైతే మనిషే పోతాడని ఆయనకు తెలుసు.

5. మరణ పడక దగ్గరా, సమాధి దగ్గరా లెక్కలు తీయకండి. ఎన్నో ఏళ్లు దూరంగా ఉన్న మనిషి ఆసుపత్రిలో ఆఖరి ఘడియల్లో పాస్టరుగారిని పిలిపిస్తే, "అప్పుడు గుర్తు రాలేదా" అనడం, లేదా రాకపోవడం జరుగుతోంది. చనిపోతున్నవాడికి ప్రభు బల్లను నిరాకరించరాదని నైసియా 13వ నియమం స్పష్టంగా చెప్పింది, అది పాత నియమమే అని కూడా చెప్పింది. పన్నెండేళ్ల శిక్ష రాసిన చేతులే ఇదీ రాశాయి. ఇక భూస్థాపన. చందా బాకీ ఉందని, రిజిస్టర్లో పేరు కొట్టేశామని సమాధుల తోటలో చోటు ఇవ్వకపోతే, శవాన్ని ఇంటి ముందు పెట్టుకుని ఆ కుటుంబం ఎండలో ఎవరి కాళ్లు పట్టుకోవాలి? చనిపోయినవాడి రక్షణ దేవుడు చూసుకుంటాడు. ఆరడుగుల చోటు మీరు చూడండి.

6. హిందూ ఎస్సీ అని కుల ధ్రువీకరణ పత్రం ఉన్నవాళ్లను "క్రీస్తును అమ్ముకున్నారు" అనకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మతం మారిన దళితులు మన రాష్ట్రాల్లో వెనకబడిన తరగతుల్లోని బీసీ-సీ కిందికి వస్తారు, వాటా ఒక్క శాతం. తప్పుడు పత్రాన్ని మేం సమర్థించడం లేదు. అది చట్టంతో ముడిపడిన విషయం, దాని పర్యవసానాలు ఎవరివి వారే పడాలి. అయితే మనుషుల ముందు నన్ను ఎరుగనన్నవాణ్ణి నేనూ ఎరుగనంటాను అన్న మత్తయి 10:33 చదివి వాళ్ల ఆత్మ నరకానికే అని ప్రకటించే ముందు, పత్రం కొన్నవాణ్ణి బలి ఇచ్చినవాడితో కలపని సిప్రియన్ను గుర్తు చేసుకోండి. ఇంకొక మాట, కాస్త చేదుగానే ఉంటుంది: ఆ పత్రంతో వచ్చిన ఉద్యోగం జీతంలోంచి దశమభాగం తీసుకునేటప్పుడు ఏ వేదిక మీదా మత్తయి 10:33 వినపడలేదు.

7. "క్షమింపరాని పాపం చేశానేమో" అని వచ్చేవాళ్లను జాగ్రత్తగా చూడండి. మత్తయి 12లో ప్రభువు ఆ మాట అన్నది, కళ్లెదుట జరిగిన మేలును చూసి కూడా అది దయ్యాల అధిపతి బయెల్జెబూలు పని అని కావాలని అన్నవాళ్లతో. వాళ్లకు భయం లేదు, ఏడుపు లేదు. చేశానేమో అని వణికేవాడు ఆ కోవలోకి రాడు. ఇలా వచ్చేవాళ్లలో కొందరిది జబ్బు. గుర్తులు ఇవి: వద్దన్నా దేవదూషణ మాటలు తలలోకి వస్తుంటాయి, ఒకే పాపాన్ని పదిసార్లు ఒప్పుకుంటారు, ప్రార్థన చేస్తే గంటసేపు కుదుటపడి మళ్లీ ఫోన్ చేస్తారు, నిద్ర ఉండదు. అలాంటివాళ్లకు గంట గంటకీ "నీకు క్షమాపణ ఉంది" అని చెప్పినకొద్దీ ఆ చక్రం ఇంకా గట్టిగా తిరుగుతుంది. మూడు రోజుల ఉపవాసం పెట్టిస్తే నిద్ర, తిండి, మందులు మూడూ పోతాయి. మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి. మందులు వాడటం విశ్వాసం తప్పడం కాదని మీ నోటితో చెప్పండి. మీరు చెబితే ఆ ఇంట్లోవాళ్లు వింటారు, మేం చెబితే వినరు.

దీనికి మాకు పెద్ద ఉత్తరం రాయనక్కర్లేదు. క్రిస్మస్ కూటాల కరపత్రాలు అచ్చుకు వెళ్లేలోగా ఒక పని చేయండి చాలు. మీ సంఘం గోడ మీద, ఆరాధన వేళలు రాసే బోర్డు కిందే, ఒక కాగితం అంటించండి. తిరిగి రావాలనుకునేవారు ఎవరిని కలవాలి, ఏ రోజు, ఏ గంటకు. ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాయండి, రోడ్డు మీద నుంచి కనబడేలా. వాళ్లలో చాలామంది ఇంకా గేటు దాటి లోపలికి రారు.

ఇట్లు,
కొందరు సంఘ పెద్దలు, సండే స్కూలు ఉపాధ్యాయులు